గడప మీద సాగదీసిన పాట: ఒక రాక్ బ్యాండ్ పాప్‌లోకి వచ్చిన కేసు

నల్గొండలో క్లాక్ టవర్ సెంటర్‌కి నడిచిపోయేంత దూరంలో రెండు గదుల స్టూడియో నాది. 12 ఏళ్లుగా రికార్డింగ్, మిక్సింగ్ చేస్తున్నా. వచ్చే పనిలో ముప్పావు వంతు యూట్యూబ్ ఛానెళ్ల ఫోక్ పాటలే. సీజన్‌లో బతుకమ్మ పాటలు, మాలలు వేసుకునే రోజుల్లో అయ్యప్ప పాటలు, ఎలక్షన్లు వస్తే పార్టీ పాటలు. రాక్ బ్యాండ్లు మా గడప తొక్కడం తక్కువ, వచ్చినా హైదరాబాద్ రేట్లు అడిగి గుండె జారి వచ్చినవాళ్లే. ఈ కేసు కూడా అట్లా వచ్చిందే.

దీన్ని ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో నేను రెండుసార్లు దెబ్బతిన్నా. రెండుసార్లూ నాకు తెలియక కాదు, ఫోక్ పాటలు చేసేటప్పుడు రోజూ పాటించే సంగతినే ఇక్కడ పక్కన పెట్టేసినందుకు. బ్యాండ్ వాళ్లను అడిగే రాస్తున్నా. పేర్లు లేవు, ఊరు లేదు, పాట మాటలు బయటపెట్టడం లేదు. పల్లవిలో ఒక్క ముక్క మాత్రం అడిగి ఉంచుకున్నా, అది లేకపోతే చెప్పడానికి ఏమీ మిగలదు.

నేపథ్యం

నలుగురు. పాడే అబ్బాయి, లీడ్ గిటార్, బేస్, డ్రమ్స్. ఇంజినీరింగ్‌లో కలిసినవాళ్లు, ఇప్పుడు ముగ్గురికి ఉద్యోగాలు, ఒకరికి ఇంట్లో తిట్లు. వాళ్లలో ఒకరి మేనమామకి రైస్ మిల్లు ఉంది. వడ్లు లేని నెలల్లో దాని గోడౌన్ ఖాళీ, అదే వీళ్ల ప్రాక్టీస్ రూమ్. రేకుల కప్పు, సిమెంటు నేల, ఎత్తైన గోడలు. స్నేర్ డ్రమ్ మీద ఒక్క దెబ్బ కొడితే ఆ మోత వెనక గోడకి తగిలి, రేకుల మీదికి పాకి, తిరిగి వచ్చేసరికి రెండు సెకన్లు దాటుతుంది. వీళ్ల సౌండ్ అంటే ఆ గోడౌనే. గిటార్‌కి డిస్టార్షన్ ఎక్కువ, డ్రమ్స్ అంతటా మోత, గొంతు ఆ రెంటి వెనకాల ఎక్కడో. నాలుగేళ్లు కాలేజీ ఫెస్టుల్లో, హైదరాబాద్‌లో చిన్న కేఫుల్లో వాయించారు. వినేవాళ్లున్నారు, కానీ నాలుగేళ్లుగా వాళ్లే వింటున్నారు.

ఏం అడిగారు

పాడే అబ్బాయి ఫోన్ చేసి చెప్పింది ఒకే మాట. "అన్నా, మా పాట రేడియోల వచ్చే పాట లెక్క ఉండాలె. క్లీన్‌గా. మా అమ్మ వింటే గూడ అర్థం కావాలె." ఆ చివరి ముక్క నేను సరిగ్గా పట్టించుకోలేదు, తర్వాత అదే తలనొప్పి అయింది.

నలుగురూ స్టూడియోకి వచ్చిన రోజే తెలిసిపోయింది, వీళ్లు ఒక్క మాట మీద లేరు. బేస్ వాయించే కుర్రాడు పూర్తిగా పాప్ వైపు, చేతిలో రెఫరెన్సులు కూడా పట్టుకొచ్చాడు. అందులో ఒకటి కెనడా కవల అక్కాచెల్లెళ్లు టెగాన్ అండ్ సారా, ఏళ్ల తరబడి గిటార్లతో ఇండీ పాటలు చేసి 2013లో హార్ట్‌త్రాబ్ ఆల్బమ్‌తో సింథ్ పాప్‌లోకి దిగారు, దాంట్లో ఎక్కువ పాటలకి ప్రొడ్యూసర్ గ్రెగ్ కర్‌స్టిన్. "వాళ్లు చేసిండ్రు కదా, మనమెందుకు చెయ్యొద్దు" అని ఇతని వాదన. గిటారిస్టు గోడకి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు, ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. డ్రమ్మర్ అసలు మాట్లాడే మనిషి కాదు.

డబ్బు తక్కువ. గోడౌన్‌లో వాళ్లే రికార్డ్ చేసుకున్న 14 ట్రాకులు పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు. ఒక్క పాట తీసుకుని మిక్స్ మాత్రం చేసి చూపించమన్నారు. నేను సరే అన్నా. ఎందుకన్నానో కూడా చెప్పాలి. పాలిష్ అనేది ముప్పావు వంతు మిక్స్‌లోనే వస్తుందని ఆ రోజు నా లెక్క. రీ-రికార్డింగ్ అంటే వీళ్ల బడ్జెట్ దాటుతుంది, చెప్తే పోతారేమో అన్న భయం కూడా ఉంది. ఫోక్ పాటకి వచ్చేవాళ్లతో అయితే నేను ముందు హార్మోనియం ముందు కూర్చోబెట్టి పాడించుకుంటా, మాట ఎక్కడ పడుతుందో చూస్తా, తర్వాతే మైక్ పెడతా. వీళ్లది రాక్ కదా, వీళ్ల పద్ధతి వేరేమో అనుకుని ఆ పని చేయలేదు.

మొదటిసారి

నా దగ్గరున్న ఆయుధాలన్నీ తీశా. డ్రమ్స్‌ని గ్రిడ్ మీదికి, అంటే కంప్యూటర్‌లో సమానంగా గీసి ఉండే తాళం గీతల మీదికి లాగేశా. అసలు టేక్‌లో టెంపో చరణంలో నిమిషానికి 118 బీట్ల దగ్గర మొదలై, పల్లవికి 124కి ఎక్కి, చివరికొచ్చేసరికి 127 అయింది. మొత్తం పాటని 122 మీద నిలబెట్టా. కిక్ డ్రమ్, స్నేర్‌ల స్థానంలో ముందే రికార్డ్ చేసి పెట్టిన రెడీమేడ్ శాంపిళ్లు. గొంతుకి పిచ్ కరెక్షన్, ప్రతి స్వరాన్నీ గీత మీద కూర్చోబెట్టా. గిటార్ల కింది భాగం కోసేశా, 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య ఉన్న బురదంతా తోడేశా. గొంతుని దాదాపు 4 డెసిబెల్స్ పైకి లేపా. చివర ఎత్తుల్ని అణిచే లిమిటర్ పెట్టి మైనస్ 7 లఫ్స్ (పాట ఎంత గట్టిగా వినపడుతుందో కొలిచే అంకె, సున్నాకి దగ్గరయ్యే కొద్దీ గట్టి) దాకా తొక్కా, పక్కనపెట్టి వింటే సినిమా పాటకి తగ్గకుండా ఉండాలని.

స్టూడియో స్పీకర్లలో గొప్పగా ఉంది. నేనైతే మురిసిపోయా.

గిటారిస్టు మొత్తం విన్నాడు, హెడ్‌ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టాడు. "పాస్‌పోర్ట్ ఫోటోకి తెల్లగ చేస్తరు చూడు అన్నా, గట్ల చేసినవ్. నేనే, కని నేను కాదు."

కోపం వచ్చింది. కానీ అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. మన దగ్గర ఫోటో స్టూడియోలో కూర్చుంటే అడగకముందే మొహం తెల్లగా చేసి, చెంప మీది మచ్చ తీసేసి చేతిలో పెడతాడు, ఇంట్లోవాళ్లు చూసి ఎవరిదీ ఫోటో అంటారు. సరిగ్గా అదే చేశా. ఆ మోత పోయింది, పల్లవికి ముందు డ్రమ్మర్ తొందరపడి ముందుకి ఉరికే ఆ ఊపు పోయింది, గొంతులో మన యాస పక్కన చిన్నగా వణికే అంచు పోయింది.

ఇంకో సంగతి దాచిపెట్టను. గొంతు 4 డెసిబెల్స్ పైకొచ్చేసరికి మాటలు వినపడ్డాయి, వినపడ్డాక తేలింది అవి అర్థం కావడం లేదని. ఇన్నాళ్లూ గిటార్ల వెనకాల దాక్కున్నాయి కాబట్టి ఎవరూ అడగలేదు. స్టూడియో కింద టీ కొట్టు కాకకి ఫోన్‌లో వినిపించా, పల్లవి రెండుసార్లు పోయాక "ఏమంటున్నడు, గాడాపా? అది ఏ ఊరు?" అన్నాడు. పల్లవి మొదలయ్యేది "గడప దాటి పోకురా" అని.

అప్పుడే ఆగి ఆలోచించాల్సింది. నవ్వి వదిలేశా.

రెండోసారి

బేస్ కుర్రాడు పట్టుబట్టాడు, సగం సగం చేస్తే ఇట్లాగే ఉంటుంది, మొత్తం మార్చేద్దాం అని. అతని మాటలో న్యాయం ఉందనిపించింది. పాత రికార్డింగ్‌కి రంగు వేస్తే పాతదే కనపడుతుంది, గోడ కూలగొట్టి కట్టాలి కదా అనుకున్నా. గిటార్లు మొత్తం తీసేశాం. సింథ్ ప్యాడ్లు, కిక్ పడ్డప్పుడల్లా వంగి లేచే సైడ్‌చెయిన్ బేస్, చప్పట్ల శాంపిళ్లు. డ్రమ్స్ అంతా ప్రోగ్రామింగ్. డ్రమ్మర్ రెండు రోజులు వచ్చి వెనక కుర్చీలో కూర్చుని వెళ్లాడు. ఒక పాటలో ఒక మనిషికి పనే లేకుండా చేశానని ఆ రెండు రోజుల్లో నాకు తట్టకపోవడం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఈ వెర్షన్ హైదరాబాద్‌లో ఒక ఎఫ్ఎం స్టేషన్‌లో రాత్రి పూట కొత్తవాళ్ల పాటలు వేసే టైమ్‌లో ఒకసారి వచ్చింది. తెలిసినవాళ్ల ద్వారా పంపాం. ఆ స్టేషన్ సిగ్నల్ నల్గొండలో సరిగా అందదు. రేడియో పాట కావాలని నెలలుగా కొట్టుకుంటున్న మేం దాన్ని రేడియోలో వినడానికి కారేసుకుని నార్కట్‌పల్లి, చిట్యాల దాటి చౌటుప్పల్ దాకా పోవాల్సి వచ్చింది. హైవే పక్కన ఒక దాబా ముందు కారాపి అద్దాలు ఎత్తుకుని విన్నాం.

ఘోరంగా ఉంది. కిక్ పడ్డప్పుడల్లా గొంతు లోపలికి పోయి బయటికి వస్తోంది. "స" వచ్చిన చోటల్లా పాట మీద దుప్పటి కప్పినట్టు మూగబోతోంది. స్టేషన్‌ని తిట్టుకోవడం తేలిక, ఆ రాత్రి తిట్టుకున్నాం కూడా. తప్పు నాది. ఎఫ్ఎంలో ప్రసారం చేసే ముందు పై ఫ్రీక్వెన్సీలను కావాలనే పెంచి పంపుతారు, మన దేశంలో అది 50 మైక్రోసెకన్ల ప్రీ-ఎంఫసిస్, రేడియో సెట్ దగ్గర అంతే తగ్గిస్తారు, దాంతో దారిలో చేరే హిస్ కూడా తగ్గిపోతుంది. అంటే పాటలో "స, శ, ష"లు, సింబల్స్ ముందే కారంగా ఉంటే, స్టేషన్ ప్రాసెసర్ వాటిని ఇంకా పెద్దవిగా చూసి తొక్కేస్తుంది. పైగా స్టేషన్ల దగ్గర కంప్రెసర్, లిమిటర్ ఎట్లాగూ ఉంటాయి, నేను మైనస్ 7 దాకా తొక్కి పంపినదాన్ని అది మళ్లీ తొక్కింది. పిండిన బట్టని మళ్లీ పిండితే నీళ్లు రావు, బట్ట చిరుగుతుంది. 15 కిలోహెర్ట్జ్ పైన ఎఫ్ఎంలో ఏమీ పోదు కూడా, నేను అక్కడ "గాలి" కోసం పెంచినదంతా వృథా.

నెట్‌లోనైనా గట్టిగా వినపడిందా అంటే అదీ లేదు. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటల్ని మైనస్ 14 లఫ్స్ దగ్గరికి తెస్తుంది, నా పాటని 7 డెసిబెల్స్ దించేసింది. యూట్యూబ్ కూడా గట్టివాటిని దించుతుంది. దించాక మిగిలింది నలిగిన పాట. ఇదంతా నాకు పుస్తకంలో తెలుసు, ఫోక్ పాటలకి పాటిస్తా కూడా. వీళ్లు రేడియో సౌండ్ అన్నారు కాబట్టి రేడియో అంటే గట్టిగా అని చెవి దానంతటదే అర్థం చేసుకుంది.

అయితే అసలు దెబ్బ టెక్నికల్ కాదు. ఒక కాలేజీలో ఈ కొత్త వెర్షన్ ట్రాక్ పెట్టుకుని వాయించారు. పాట ముందునుంచీ తెలిసిన పిల్లలు ముందు వరసలో ఉన్నారు, పల్లవి దగ్గర మైక్ వాళ్ల వైపు తిప్పితే ఎవరూ ఎత్తుకోలేదట. ఇది ఎవరి పాటో వాళ్లకి తెలియలేదు. ఆ రాత్రి గిటారిస్టు గ్రూప్‌లోంచి బయటికి వెళ్లిపోయాడు. వాట్సాప్ గ్రూప్‌లోంచి, బ్యాండ్‌లోంచి కాదు, కానీ అందరికీ టెన్షన్ మొదలైంది.

దారి ఎక్కడ దొరికింది

మునుగోడు వైపు నుంచి ఒక పెద్దామె నా దగ్గర ఫోక్ పాటలకి కోరస్ పాడటానికి వస్తుంది. నాట్లేసేటప్పుడు పాడిన గొంతు, మైక్ ముందు భయం లేదు. ఆమె వచ్చేసరికి నేను ఈ పాటే పెట్టుకుని తల పట్టుకుని కూర్చున్నా. చెప్పులు బయట విడిచి, లోపలికి వచ్చి, నిలబడే విన్నది.

"గడపకు గింత సాగదీసుడెందుకు బిడ్డా" అన్నది. "గడప అంటె అయిపాయె. సాగదీస్తె దాటుడు కాడ సాగదియ్యాలె."

తొడ మీద చరుస్తూ పాడి చూపించింది. "గడప" మూడూ గబగబా, దెబ్బకి ముందే అయిపోయాయి, "దా" వచ్చి సరిగ్గా దెబ్బ మీద పడింది, అక్కడ ఆగి సాగింది. మళ్లీ "టి" చిన్నగా, "పో" మీద ఇంకో సాగదీత.

నేను లేచి నిలబడ్డా. చిన్నప్పుడు తెలుగు సార్ గురువు, లఘువు అని గీతలు గీయిస్తే ఎందుకురా ఇది అనుకున్నవాళ్లమే మనమంతా. గడప మూడూ లఘువులు. వీళ్లు ట్యూన్ ఇంగ్లిష్ పాటలు విని కట్టుకున్నారు. అక్కడ అచ్చు పొడవు మారినా మాట చాలావరకు నిలుస్తుంది, ఊనిక ఎక్కడ పడుతుందన్నదే ముఖ్యం. మన దగ్గర అచ్చు పొడవు మారితే మాటే మారిపోతుంది, పలక వేరు, పాలక వేరు. వీళ్ల ట్యూన్‌లో పొడుగు స్వరాలన్నీ "గ" మీద, "డ" మీద పడుతున్నాయి, అందుకే కాకకి "గాడాపా" వినిపించింది. పొట్టి అచ్చుని సాగదీసి పాడిన పాటలు మన దగ్గర లేవని కాదు, బోలెడున్నాయి, కానీ అక్కడ మాట ముందే తెలిసిపోయి ఉంటుంది. కొత్త పాటకి, అదీ పల్లవి మొదటి మాటకి ఆ అప్పు ఎవరూ ఇవ్వరు.

అమ్మకి అర్థం కావాలి అని ఆ అబ్బాయి మొదటి రోజే అడిగింది ఇదే. నేను దాన్ని ఈక్వలైజర్‌తో ఇవ్వాలని చూశా.

మూడోసారి, మొదటినుంచి

నలుగురినీ పిలిచా. కంప్యూటర్ ఆన్ చేయలేదు. ఒక గిటార్, ఒక గొంతు, డ్రమ్మర్‌కి ప్లాస్టిక్ స్టూలు. ముందే చెప్పా, మొదటి రెండు వెర్షన్లకీ డబ్బు వద్దు, తప్పు నాది, కానీ ఈసారి నేను అడిగినన్ని రోజులు కూర్చోవాలి అని.

మొదట పల్లవి మాటలు. "గడప" మూడు చిన్న స్వరాలుగా బీట్‌కి ముందు పడేలా, "దా" మొదటి బీట్ మీద నిలిచేలా మార్చాం. ఒక్కసారి అది కుదిరాక మిగతా పాట దానంతటదే సర్దుకోవడం మొదలైంది, చరణంలో నాలుగు చోట్ల ఇదే తప్పు వాళ్లే పట్టుకున్నారు. రెండు చోట్ల ట్యూన్ మార్చారు, రెండు చోట్ల మాట మార్చారు.

తర్వాత పిచ్. పాట ఈ (E) స్కేల్ మీద ఉంది, గిటార్ ఓపెన్ తీగలకి అనుకూలం కాబట్టి అట్లా పెట్టుకున్నారు. గోడౌన్‌లో అరిచి పాడటానికి సరిపోయింది. మైక్‌కి జానెడు దూరంలో నిలబడి మాట్లాడినట్టు పాడాలంటే అది పైన ఉంది, గొంతు బిగుసుకుంటోంది, బిగుసుకున్న చోట పిచ్ కరెక్షన్ ఎక్కువ వేయాల్సి వచ్చి కృత్రిమంగా వినిపిస్తోంది. రెండు సెమీటోన్లు దించాం. గిటార్ తీగలు కూడా అంతే వదులు చేస్తే గిటారిస్టుకి సౌండ్ ఇంకా బరువుగా దొరికింది, ఇన్ని నెలల్లో ఆ మొహంలో నవ్వు చూడటం అదే మొదలు.

పొడవు మీద గొడవ అయింది. పాట 5 నిమిషాల 20 సెకన్లు, గొంతు మొదలయ్యేదే 52వ సెకనుకి, మధ్యలో 48 సెకన్ల సోలో. సోలో తీసెయ్ అని నేననలేదు. రెండుసార్లు అతన్ని తీసేసినవాణ్ణి, మూడోసారి ఆ మాట అంటే మనిషే పోతాడు. బండి మీద ఇంటికి పోతూ ఈల వేసుకోవాలంటే నీ సోలోలో ఏ ముక్క వేసుకుంటావు, అది మాత్రం రేపు తీసుకురా అన్నా. మర్నాడు నాలుగు బార్లు తెచ్చాడు. 48 సెకన్లలోంచి 8 సెకన్లు. దాన్నే పాట మొదట్లో పెట్టాం, పల్లవి తర్వాత మళ్లీ వస్తుంది, చివర ఒక్కటే మిగులుతుంది. గొంతు ఇప్పుడు 11వ సెకనుకి మొదలవుతుంది, పాట మొత్తం 3 నిమిషాల 15 సెకన్లు. ఇప్పుడు జనం ముందు గుర్తుపట్టేది ఆ గిటార్ ముక్కనే.

డ్రమ్స్ విషయంలో చాలా ఆలోచించా. కొత్తగా రికార్డ్ చేద్దామంటే నా గది చిన్నది, పొడిగా ఉంటుంది. చివరికి పాత గోడౌన్ టేక్‌నే వాడుకున్నా, కానీ ముక్కలుగా. చరణంలో దగ్గరి మైకులు మాత్రమే, వాటికింద సన్నగా ఒక శాంపిల్ కిక్, చుట్టూ ఏమీ లేదు, చెవి పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు. పల్లవి రాగానే దూరపు మైకులు తెరుస్తాం, గోడౌన్ మొత్తం ఒక్కసారి వచ్చి పడుతుంది. మొదట్నుంచీ ఆ మోత ఉన్నప్పుడు ఎవరికీ అది కనపడలేదు. చరణం అంతా దాన్ని దాచిపెడితే పల్లవిలో గుండె మీద తట్టినట్టు ఉంటుంది. టెంపోని కూడా ఒక్క అంకె మీద కట్టేయలేదు. చరణం 120, పల్లవి 122, పల్లవికి ముందు రెండు బార్లలో మెల్లగా ఎక్కేలా టెంపో మ్యాప్ గీసుకుని డ్రమ్మర్‌ని పిలిచి చూపించా. "ఇది నేనే" అన్నాడు. అతని నోట నేను విన్న పొడవైన వాక్యం అదే.

పల్లవిలో గొంతు కూడా అదే గోడౌన్‌లో ఉన్నట్టుండాలి కదా, కానీ గొంతు రికార్డ్ చేసింది నా గదిలో. దానికొక పాత కిటుకు ఉంది. ఖాళీ గదిలో బెలూన్ పగలగొట్టి ఆ చప్పుడు రికార్డ్ చేసి కన్వల్యూషన్ రివర్బ్‌లో వేస్తే, ఏ సౌండ్‌నైనా ఆ గదిలో ఉన్నట్టు చేయొచ్చు. డజను బెలూన్లు కొనుక్కుని గోడౌన్‌కి పోయాం. మొదటి బెలూన్ పగలగానే రేకుల కింద ఉన్న పావురాలన్నీ లేచాయి, రికార్డింగ్ నిండా రెక్కల చప్పుడు. రెండోదీ అంతే. సాయంత్రం దాకా ఆగి, అవి సర్దుకున్నాక ఒక్కోదానికి మధ్య పది నిమిషాలు ఇచ్చుకుంటూ తొమ్మిది పగలగొడితే, మూడు పనికొచ్చాయి. వాచ్‌మన్ మాకు పిచ్చి అనుకున్నాడు, అనుకోక ఏంచేస్తాడు.

బేస్ కుర్రాడి సింథ్‌ని పూర్తిగా పారేయలేదు. పల్లవి కింద ఒక్క ప్యాడ్, గిటార్ వదిలిన ఖాళీల్లో. అతను తెచ్చిన ఆ ఆల్బమ్ నేను మళ్లీ విన్నా ఈ మధ్యలో. నా చెవికి అక్కడ మారింది సౌండ్ ఒక్కటే కాదు, పాట కట్టిన తీరే, పల్లవి వచ్చే చోటే మారింది. అతను పైన రంగు విన్నాడు, నేనూ అదే విన్నా.

మిక్స్ గురించి చెప్పడానికి తక్కువే ఉంది ఈసారి. గొంతు మొదటిసారి పెంచినంత పెంచాల్సిన పనే రాలేదు, మాట సరిగ్గా పడ్డాక ఒకటిన్నర డెసిబెల్ సరిపోయింది. "స"లకి, వాటిని దానంతటదే తగ్గించే డీ-ఎస్సర్‌ని గుడ్డిగా వదలకుండా గట్టివాటిని ఒక్కొక్కటి చేత్తో దించా. ఫోన్ స్పీకర్‌లో 150, 200 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ రాదు, కాబట్టి బేస్‌కి కొంచెం సాచురేషన్ (సన్నటి గరుకుదనం) ఇచ్చి 700 నుంచి 1000 హెర్ట్జ్ దగ్గర దాని ఉనికి తెలిసేలా చేశా. మాస్టర్, అంటే చివరి ఫైల్‌ని మైనస్ 11 లఫ్స్ దగ్గర ఆపేశా, ట్రూ పీక్ (అన్నిటికంటే ఎత్తైన చోటు) మైనస్ 1 డెసిబెల్. మైనస్ 14కే ఎందుకు దించలేదని అడిగేవాళ్లుంటారు. ఆ అంకె వాళ్లు మన పాటని సర్దుకునే చోటు, మనం మొక్కాల్సిన చోటు కాదు, ఈ పాట మైనస్ 11 దగ్గర ఊపిరి పీల్చుకుంటోంది, అక్కడ వదిలేశా.

పరీక్ష మాత్రం ఈసారి నిజాయితీగా చేశాం. టీ కొట్టు కాక ఫోన్, డ్రమ్మర్ వాళ్ల ట్రాక్టర్ మీది స్పీకర్, దేవరకొండ రోడ్డులో తిరిగే ఒక సెవెన్ సీటర్ ఆటో. ఆటోలో ఇంజిన్ మోతకి పాటలో సగం పోతుంది, మిగిలిన సగంలో మాట నిలబడిందా లేదా అన్నదే చూసుకున్నాం. వెనక సీట్లో ఉన్న ఒకామె దిగేముందు డ్రైవర్‌ని "ఏం పాట అది, గడప దాటి పోకుర అని" అని అడిగింది. గాడాపా అనలేదు. పాడే అబ్బాయి ముందు సీట్లో మొహం అటు తిప్పేసుకున్నాడు.

ఇప్పుడు

పాట విడుదలైంది. వైరల్ అయిందని రాయలేను, కాలేదు. కానీ అంతకుముందు వాళ్ల పాటలు విన్నవాళ్లు కాకుండా కొత్తవాళ్లు వింటున్నారు, కామెంట్లలో పల్లవి రాస్తున్నారు, సరిగ్గా రాస్తున్నారు. ఎఫ్ఎంకి మళ్లీ పంపాం, పొద్దున టైమ్‌లో రెండుసార్లు వేశారు, చౌటుప్పల్ పోయి విన్నాం, దుప్పటి లేదు. మొదటి వరసలో నిలబడే పాత ఫ్యాన్లలో ఇద్దరు ముగ్గురు "అమ్ముడుపోయిండ్రు" అన్నారట. అందులో కొంత నిజమే, 40 సెకన్ల సోలో పోయింది, దాని కోసమే వచ్చేవాళ్లకి నేను జవాబు చెప్పలేను. గిటారిస్టు లైవ్‌లో మాత్రం మొత్తం సోలో వాయిస్తాడు, అది వాళ్లలో వాళ్లు చేసుకున్న ఒప్పందం.

నా వైపు నుంచి మారింది ఏమిటంటే, బ్యాండ్ అయినా, పార్టీ పాట అయినా, ఎవరైనా మిక్స్ మాత్రం చెయ్యమని పెన్‌డ్రైవ్ పట్టుకొస్తే ముందు హార్మోనియం దగ్గర కూర్చోబెడుతున్నా. కొందరు విసుక్కుంటున్నారు. ఒకరిద్దరు వెళ్లిపోయారు కూడా. డబ్బు పోయిన రోజు బాధగానే ఉంటుంది. ఆ పెద్దామెకి ఈ పాటలో కోరస్ ఇచ్చాం, రెమ్యునరేషన్ బ్యాండ్ వాళ్లే ఇచ్చారు, పల్లవి రెండోసారి వచ్చినప్పుడు "దా" మీద కింద వినపడే గొంతు ఆమెదే.

రెండో పాట కట్టడం అయిపోయింది, మాటలన్నీ తొడ మీద చరిచి సరిచూసుకున్నారు. డ్రమ్స్ రికార్డ్ చేయాలి. గోడౌన్ నిండా వడ్ల బస్తాలు. బస్తాల మధ్య డ్రమ్స్ పెడితే మోత రాదు, దుప్పట్లో కొట్టినట్టు ఉంటుంది. బెలూన్ ఫైళ్లు నా దగ్గర ఉన్నాయి కదా, నా గదిలో కొట్టు, గోడౌన్ నేను కలుపుతా అన్నా. డ్రమ్మర్ తల అడ్డంగా ఊపాడు. లారీలు వచ్చి బస్తాలు ఎత్తాక ఫోన్ చేస్తామన్నారు.